పాస్‌బుక్‌లో స్విఫ్ట్ కోడ్ లేదు, ఐఎఫ్ఎస్‌సీ కొడితే ఫారం తీసుకోవట్లేదు

తెనాలి_డల్లాస్:
ఊళ్ళో ఇల్లు కడుతున్నాం, స్లాబ్ దాకా వచ్చింది, మేస్త్రికి ఈ వారంలో డబ్బు ఇవ్వాలి. డల్లాస్‌లోని నా బ్యాంకు నుంచి తెనాలిలో అమ్మ ఖాతాకి వైర్ పంపుదామని కూర్చుంటే ఫారంలో స్విఫ్ట్ కోడ్ అని ఒక గడి, దేశాల మధ్య డబ్బు పంపేటప్పుడు బ్యాంకును గుర్తించే కోడట. అమ్మ వాట్సాప్‌లో పంపిన ఫొటో చూస్తే పాత ఆంధ్రా బ్యాంకు పుస్తకం, అందులో ఐఎఫ్ఎస్‌సీ తప్ప ఇంకేం లేదు. అదీ 11 అక్షరాలే, ఇదీ 11 అంటున్నారు కదా అని కొట్టేశా, చెల్లదని ఎర్రగా చూపిస్తోంది. ఇక్కడ కస్టమర్ కేర్ వాళ్ళు అరగంట సంగీతం వినిపించి మీ ఇండియా బ్యాంకునే అడగమన్నారు. అసలు తెనాలి బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ ఉంటుందా?

పాత_క్యాషియర్:
తమ్ముడూ, ముందు ఆ పుస్తకం పక్కన పెట్టు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అమ్మగారిని బ్రాంచికి వెళ్ళి కొత్త పుస్తకం తీసుకోమను.
ఐఎఫ్ఎస్‌సీ మన దేశం లోపల నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ లాంటి బదిలీల కోసం. మొదటి 4 అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా 6 బ్రాంచివి. స్విఫ్ట్‌లో కూడా మొదటి 4 బ్యాంకువే, కానీ ఆ తర్వాత 2 దేశానివి, ఇంకో 2 ఊరివి, అక్కడికి 8. చివరి 3 బ్రాంచివి, అవి లేకపోయినా నడుస్తుంది. నువ్వు కొట్టినదాంట్లో దేశం ఉండాల్సిన చోట సున్నా పడింది, అందుకే తన్నేసింది. ఒక రకంగా నీ అదృష్టం, తీసుకుని ఉంటే డబ్బు ఎక్కడ తిరుగుతూ ఉండేదో.
యూనియన్ బ్యాంకుది యు-బి-ఐ-ఎన్-ఐ-ఎన్-బి-బి. రెండో ఐ-ఎన్ ఇండియా, బి-బి ముంబై. తెనాలికి విడిగా కోడ్ అక్కర్లేదు, ముంబైకి చేరాక ఖాతా నంబరు చూసి జమ చేస్తారు. ఫారం 11 కావాలని మొండికేస్తే చివర మూడు ఎక్స్‌లు పెట్టు, హెడ్డాఫీసు అని అర్థం. అయినా పంపే ముందు బ్రాంచిలో ఒకసారి అడిగించు, ఏవో సైట్లు చూసి కొట్టకు.

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:
నాకైతే ఐబాన్ (దేశాల మధ్య చెల్లే ఖాతా నంబరు) దగ్గర ఆగిపోయింది. జర్మనీలో అందరికీ 22 అక్షరాల ఐబాన్ ఉంటుంది, ఇండియాలో అసలు ఆ పద్ధతే లేదని కౌంటర్‌లో అమ్మాయికి చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకోటి, ఛార్జీలు ఎవరివి అని అడిగితే అన్నీ నావే అని పెట్టండి. సగం సగం అని పెట్టానొకసారి, మధ్యలో ఉన్న బ్యాంకు తన వాటా కోసుకుని మిగిలింది పంపింది. నాన్న లెక్క తేలక నాలుగు రోజులు ఫోన్లు.

కరీంనగర్_టు_దుబాయ్:
పెద్ద మొత్తం కాకపోతే ఈ టెన్షన్ ఎందుకు భాయ్. నేను ఇక్కడ డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌లో కడతా, వాళ్ళు ఇండియాలో ఉన్న తమ ఖాతా నుంచి లోకల్‌గా వేసేస్తారు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ చాలు. స్విఫ్ట్ అడగనే అడగరు. అమెరికాలో కూడా అట్లాంటి యాప్‌లు ఉన్నయి కదా.

తెనాలి_డల్లాస్:
బతికించారు. స్లాబ్ డబ్బు పెద్దదే కాబట్టి వైరే పంపుతా, కోడ్ తీసుకుంది. ఇప్పుడు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు, అమ్మ ఇంటిపేరేమో ముందుంది. ఏది ఎక్కడ రాయాలి?

పాత_క్యాషియర్:
రెండూ కలిపి చదివితే కొత్త పుస్తకంలో ఉన్నట్టే రావాలి, ఇంటిపేరు ముందుంటే ముందే రాయి. ఇంకా పుస్తకం రాకపోతే రేపటిదాకా ఆగు.