మొదటిసారి ట్రాక్ డే: ఈఎస్‌సీ ఆన్‌లో ఉంచాలా, ఆఫ్ చేయాలా?

నల్లగొండ_ఐ20

అన్నలకు నమస్కారం. మాది నల్లగొండ. ఐ20 ఎన్ లైన్, డీసీటీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ బండి, 2022 మోడల్. వచ్చే నెల చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపున్న ట్రాక్‌లో ట్రాక్ డేకు పేరు ఇచ్చాను. రేస్ కాదు. సొంత కారుతో, హెల్మెట్ పెట్టుకుని, కొత్తవాళ్ల గ్రూపులో కొంతసేపు చొప్పున తిరగడమే. మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి పోయి అక్కడి నుంచి హైవే ఎక్కి ముందు రోజే చేరుకుంటాను.

నా అనుమానం స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ గురించి. నా కారులో ఈఎస్‌సీ ఆఫ్ బటన్ ఉంది. ఒకసారి నొక్కి వదిలేస్తే ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఊరికే తిరగకుండా ఆపేది) మాత్రమే ఆగుతుంది. మూడు సెకన్ల కన్నా ఎక్కువ నొక్కి పట్టుకుంటే ట్రాక్షన్, స్టెబిలిటీ రెండూ ఆగుతాయి. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అన్నీ తిరిగి ఆన్ అవుతాయి.

ఒక ఫ్రెండ్ ఏమో ఆఫ్ చేయకపోతే ట్రాక్ దాకా పోయి ఏం లాభం అంటున్నాడు. ఇంకో ఫ్రెండ్ ఆ బటన్ అసలు ముట్టుకోవద్దు అంటున్నాడు. వానాకాలంలో పానగల్లు దగ్గర మలుపులో ఒకసారి డ్యాష్‌బోర్డులో ఈఎస్‌సీ పసుపు లైటు మిణుకుమిణుకుమంది, బండి మాత్రం చక్కగా తిరిగింది. లోపల ఏం జరిగిందో నాకు తెలియలేదు. అదే ట్రాక్‌లో అయితే ఏం జరుగుతుందో అని టెన్షన్‌గా ఉంది. ఏ సెట్టింగ్‌తో మొదలుపెట్టాలి? మార్చుకునే టైం వచ్చిందని ఎట్ల తెలుస్తుంది?

పాలమూరు_ఎస్టీమ్

తమ్మీ, నా మాట వేరేగా ఉంటుంది. నేను మారుతి ఎస్టీమ్‌తో నేర్చుకున్నాను. 85 హార్స్‌పవర్, ఈఎస్‌సీ సంగతి దేవుడెరుగు, ఏబీఎస్ కూడా లేదు. బ్రేక్ ఎక్కువ తొక్కితే చక్రం పట్టేసేది, తక్కువ తొక్కితే మలుపు దాటిపోయేది. టైరు ఎక్కడి దాకా పట్టుకుంటుందో సీటు చెప్పేది, స్టీరింగ్ చెప్పేది. లైటు మెరిసినప్పుడల్లా బండి నడిపేది కంప్యూటర్, నువ్వు కాదు. రోజంతా అట్లనే తిరిగితే నీకు తెలిసేది ఏమీ ఉండదు.

ట్రాక్ పక్కన ఖాళీ జాగా ఉంటుంది, ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం రాదు. జారితే జారనీ. నిదానంగా మొదలుపెట్టు, కానీ ఆఫ్‌లోనే మొదలుపెట్టు.

దేవరకొండ_డ్రైవర్

తమ్ముడూ, మొదటి రోజంతా ఆ బటన్ జోలికి పోవద్దు. నేను ట్రాక్‌లో కొత్తవాళ్ల పక్క సీట్లో కూర్చుని నేర్పుతుంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కొత్తవాళ్ల బండి అదుపు తప్పేది ఎక్కువగా స్ట్రెయిట్‌లో కాదు. మలుపు మధ్యలో ‘వేగం ఎక్కువైంది’ అని భయమేసి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తారు చూడు, అక్కడ తప్పుతుంది. కాలు తీయగానే బరువు ముందుకు పడుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి, వెనక భాగం బయటికి జారుతుంది. మనది ముందు చక్రాలు లాగే బండి, వెనక ఎందుకు జారుతుంది అనుకుంటారు చాలామంది. జారుతుంది, అదీ చెప్పాపెట్టకుండా. అప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పాలి, బండి సర్దుకోగానే అంతే తొందరగా నేరుగా తేవాలి. ఎదురు తిప్పడం అందరికీ చేతనవుతుంది. తిరిగి నేరుగా తేవడం దగ్గరే ఆలస్యం చేస్తారు, బండి రెండో పక్కకు ఇంకా గట్టిగా విసురుతుంది. చేతులకు ఇది అలవాటు కావడానికి చాలా రోజులు పడుతుంది.

పానగల్లు దగ్గర ఏం జరిగిందో తెలియలేదన్నావు కదా. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పావో ఒక సెన్సర్ చూస్తుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోంది, పక్కకు ఎంత నెట్టుకుపోతోంది అని వేరే సెన్సర్లు చూస్తాయి. ఒక్కో చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో కూడా లెక్కలో ఉంటుంది. నువ్వు అడిగిందీ బండి చేసేదీ కలవకపోతే, వెనక జారుతున్నప్పుడు బయటి వైపు ముందు చక్రానికి బ్రేక్ వేస్తుంది. ముందు భాగం మలగకుండా నేరుగా పోతుంటే లోపలి వైపు వెనక చక్రానికి వేస్తుంది. అవసరమైతే ఇంజన్ పవర్ తగ్గిస్తుంది. మన కాలి కింద నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే పెడల్. ఒక్క చక్రానికి విడిగా బ్రేక్ వేయడం ఎంత గొప్ప డ్రైవర్‌కైనా కుదరని పని.

పాలమూరు అన్న చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. కంప్యూటర్ సర్దుతోందని తెలియకుండా తిరిగితే ఏమీ నేర్చుకోము. కానీ ఆ లైటును చదవడం నేర్చుకుంటే అదే నీకు పాఠం చెబుతుంది. మలుపులోకి దిగేటప్పుడే మెరిస్తే వేగం ఎక్కువైనట్టు, లేదా స్టీరింగ్ గుంజినట్టు. మధ్యలో మెరిస్తే చాలాసార్లు కాలు తీసి ఉంటావు. బయటికి వచ్చేటప్పుడు మెరిస్తే స్టీరింగ్ ఇంకా తిరిగి ఉండగానే యాక్సిలరేటర్ తొక్కావన్నమాట, లోపలి ముందు చక్రం ఊరికే తిరుగుతోంది. సెషన్ అయ్యాక ట్రాక్ మ్యాప్ మీద ఏ మలుపులో, ఎక్కడ మెరిసిందో పెన్నుతో గుర్తు పెట్టు. డ్రైవ్ చేస్తూ లైటునే చూస్తూ కూర్చోకు, చూపు మలుపు చివర మీద ఉండాలి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే లైటు చూసే పని ఆయనకు అప్పగించు.

ఇక ఎప్పుడు మార్చాలంటే, నీ మామూలు వేగంతో వరసగా కొన్ని ల్యాపులు లైటు మెరవకుండా తిరగగలగాలి. ఎప్పుడైనా మెరిస్తే ఎందుకు మెరిసిందో ఎవరూ చెప్పకుండా నీకే తెలియాలి. ఆ రెండూ వచ్చాక ఒకసారి నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం తీసి చూడు. నీ బండికి దాంతో తేడా కనిపించేది నిదానమైన మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడే. చక్రం ఊరికే తిరిగితే ఇంజన్ గొంతు మారుతుంది, స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తుంది. అది గుర్తుపట్టి కాలు కొంచెం సడలించడం నేర్చుకోవాలి. స్టెబిలిటీ భాగం అప్పుడు కూడా నిన్ను కాస్తూనే ఉంటుంది.

రెండూ తీసేయడం ఈ ఏడాదికి మర్చిపో. టైంలో వచ్చే తేడా నీకు తెలియను కూడా తెలియదు. కొత్తగా తిరిగేవాళ్లకు బ్రేక్ సరైన చోట వేయడం, లైన్ (మలుపులో బండి పోవాల్సిన దారి) సరిగ్గా పట్టడం వల్ల వచ్చే లాభం ముందు ఇది ఏమంత లెక్కలోకి రాదు. ఒకవేళ ఆఫ్ చేసినా ఏబీఎస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, అది ఆ బటన్‌తో పోదు.

ఇదంతా చేతకాని డ్రైవర్ల కోసం పెట్టిన వస్తువు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈఎస్‌పీ (ఈఎస్‌సీకే ఇంకో పేరు) 1995లో మెర్సిడెస్ పెద్ద కార్లలో వచ్చింది. 1997లో అదే కంపెనీ చిన్న కారు ఏ-క్లాస్, అడ్డం వచ్చిన జంతువును తప్పించినట్టు స్టీరింగ్ తిప్పే పరీక్షలో స్వీడన్‌లో బోల్తా పడింది. నడిపింది రోజూ కార్లు పరీక్షించే మనుషులు. ఆ తర్వాత కంపెనీ ఆ చిన్న కారులో కూడా ఈఎస్‌పీని తప్పనిసరి చేసింది. చేతనైనవాళ్ల కింద కూడా బండి తిరగబడుతుందని అందరికీ తెలిసింది అప్పుడే.

దాన్ని నమ్ముకుని మలుపులోకి దూసుకుపోవచ్చని మాత్రం అనుకోకు. టైరుకు ఉన్న పట్టును అది పెంచదు, ఉన్నదాన్నే సరిగ్గా వాడుతుంది. నలభైకి తీసుకోవాల్సిన మలుపులోకి ఎనభైతో దిగితే ఏ బటన్ ఏ స్థితిలో ఉన్నా బండి గడ్డిలోకే పోతుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. అది పనిచేసేది బ్రేకులతోనే. ప్రతి మలుపులో లైటు మెరుస్తుంటే నువ్వు తొక్కిన బ్రేక్ కాక, అది వేసే బ్రేక్ కూడా ప్యాడ్ల మీద పడుతుంది. వేడి పెరుగుతుంది. బ్రేక్ ఆయిల్ సంగతి కూడా చూసుకో. కొత్త డాట్ 4 ఆయిల్‌కు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పీల్చుకున్నదానికి ఆ లెక్క 155 డిగ్రీలే. 2022 బండి అంటున్నావు, ఇప్పటిదాకా మార్చకపోతే పోయే ముందు తప్పకుండా మార్పించు. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, అప్పుడు ఈఎస్‌సీ కూడా ఏమీ చేయలేదు.

జడ్చర్ల_అలైన్‌మెంట్

దేవరకొండ అన్న చెప్పిన దానికి నా షాపు వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఈఎస్‌సీ లెక్కంతా స్టీరింగ్ సెన్సర్ మీద ఆధారపడి ఉంటుంది. నేరు రోడ్డు మీద పోతుంటే నీ స్టీరింగ్ మధ్యలో ఉందా, ఒక పక్కకు ఒరిగి ఉందా చూడు. ఒరిగి ఉంటే ముందు అలైన్‌మెంట్ చేయించు. చేసినాక స్కానర్ పెట్టి ఆ సెన్సర్‌ను సున్నా దగ్గర సెట్ చేయాల్సిన అవసరం ఉందేమో అడుగు. అది తప్పుగా ఉంటే బండి నేరుగా పోతున్నా మలుపులో ఉందని అనుకోవచ్చు, లైటు అనవసరంగా మెరవచ్చు. అట్లాంటి లైటును చూసి పాఠం నేర్చుకోలేవు.

టైర్ల గురించి ఇంకా ముఖ్యమైన మాట. మా దిక్కు అందరూ రెండే కొత్త టైర్లు కొని, ముందు చక్రాలు లాగుతాయి కదా అని ముందు వేయమంటారు. నేను వెనక వేస్తానంటే నాతో కొట్లాడతారు. వెనక అరిగిన టైర్లు, ముందు కొత్తవి ఉంటే ముందు భాగం గట్టిగా పట్టుకుంటుంది, వెనక వదిలేస్తుంది. తడి రోడ్డు మీద అయితే మరీ ప్రమాదం. అన్న చెప్పిన కాలు తీయడం గురించి ఆలోచించు, అరిగిన టైర్లు వెనక ఉంటే అదే జారుడు ఇంకా ముందే వస్తుంది. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. రెండే మార్చగలిగితే కొత్తవి వెనకకే.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు వాటిలో గాలి కొలిచి రాసుకో. సెషన్ అయి రాగానే మళ్లీ కొలువు, బాగా పెరిగి ఉంటుంది. పెరిగినదాన్ని ఇన్‌స్ట్రక్టర్ చెప్పినంత తగ్గించుకో. తిరిగి నల్లగొండ బయల్దేరే ముందు మళ్లీ పట్టించడం మర్చిపోకు.

పాలమూరు_ఎస్టీమ్

దేవరకొండ తమ్ముడు చెప్పిన కాలు తీసే సంగతి సరైనదే. అది మా ఎస్టీమ్‌లకు కూడా ఉండేది, కానీ మేం పోయే వేగం తక్కువ. ఈ కాలపు టర్బో బండ్లు మలుపు చేరేసరికి ఎంత వేగంలో ఉంటాయో తెలియనే తెలియదు. సరే, ఆన్‌లోనే మొదలుపెట్టనీ. కానీ లైటు ఎక్కడ మెరిసిందో రాసుకోవడం మాత్రం నిజంగా చేయాలి తమ్మీ. అది చేయకపోతే నేను చెప్పిన నష్టం జరుగుతుంది.

నల్లగొండ_ఐ20

అందరికీ చాలా థాంక్స్. జడ్చర్ల అన్నా, చూసుకున్నాను, నా బండికి కూడా కొత్తవి ముందే ఉన్నాయి. ఈ ఆదివారమే వెనకకు మార్పిస్తాను. బ్రేక్ ఆయిల్ కూడా మార్పిస్తాను.

ఇంకో మూడు ప్రశ్నలు. నాతో పాటు ఇంకో ఫ్రెండ్ బీఎండబ్ల్యూ 3 సిరీస్‌తో వస్తున్నాడు, అతనికి కూడా ఇదే మాట చెప్పాలా? వాన పడితే ఏం చేయాలి? ఈ లోపు సాగర్ రోడ్డు మీద పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు ట్రాక్షన్ తీసి కొంచెం అలవాటు చేసుకోవచ్చా?

దేవరకొండ_డ్రైవర్

చివరిది ముందు చెప్తాను. సాగర్ రోడ్డు మీద వద్దు. పొద్దున ఖాళీగా కనిపించే ఆ రోడ్డు మీదికే పాల బండ్లు, స్కూల్ ఆటోలు, గొర్రెల మందలు వస్తాయి. అక్కడ నువ్వు తప్పు చేస్తే దెబ్బ తగిలేది ఇంకొకరికి. ఇంట్లో చేయగలిగే సాధన ఒకటుంది. రోజూ నడిపేటప్పుడు మలుపు రాకముందే బ్రేక్ పని పూర్తి చేసుకో, కాలు మెల్లగా వదులు, స్టీరింగ్ ఒకేసారి తిప్పి పట్టుకో, మధ్యలో సవరించాల్సిన అవసరం రాకుండా చూసుకో. ముప్పై వేగంలో చేసినా చేతులకు, కాళ్లకు అలవాటు పడుతుంది.

మీ ఫ్రెండ్ బండి వెనక చక్రాలతో పోయేదైతే మొదటి రోజు మాట అదే, అన్నీ ఆన్. దాంట్లో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కినా వెనక జారుతుంది, కాబట్టి అతను ఇంకా ఓపిక పట్టాలి. అతనికి నీకు లేని సౌకర్యం ఒకటుంది: బటన్ కొంచెంసేపు నొక్కితే డీటీసీ అనే మధ్య స్థాయి వస్తుంది, కొంత జారనిచ్చి తర్వాత పట్టుకుంటుంది. రెండో దశలో అది వాడుకోమను. ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే మొత్తం ఆఫ్ అవుతుంది, అది వద్దని చెప్పు. డ్రైవ్ మోడ్‌లో స్పోర్ట్ పెడితే స్టెబిలిటీ ఎంత మారుతుందో ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. మాన్యువల్ తెరిచి ఆ పేజీ చదివి రమ్మను.

చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. ట్రాక్ తడిస్తే ఏ దశలో ఉన్నా తిరిగి అన్నీ ఆన్. ఇన్సూరెన్స్ గురించి నువ్వు అడగలేదు, కానీ తెలుసుకో: మామూలు కారు పాలసీల్లో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు కవర్ ఉండదు. ట్రాక్‌లో బండికి దెబ్బ తగిలితే ఖర్చు నీదే అనుకుని నడుపు.

ప్రతి సెషన్‌లో చివరి ల్యాప్ బ్రేకులు పెద్దగా వాడకుండా నిదానంగా తిరిగి, వాటికి గాలి తగలనివ్వు. లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకు, వేడెక్కిన ప్యాడ్ డిస్క్‌కు అతుక్కుంటుంది. గేరు పీ (పార్క్)లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి, బానెట్ ఎత్తి వదిలేయి.