పాత సోరా 32 వేలకు తీసుకోవాలా, ఇంకాస్త కలిపి కొత్త క్లారిస్‌కి వెళ్లాలా?

గండిపేట_గాలి
నమస్కారం అండీ. ఉండేది హైదరాబాద్. ఎత్తు 172 సెం.మీ., కాలి లోపలి కొలత 80 సెం.మీ. అనంతగిరి ఎక్కాలి, వచ్చే సీజన్‌లో 200 కి.మీ. బ్రెవే (గడువు లోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఇదే మొదటి రోడ్ సైకిల్. ముందున్నవి మూడు (సోరా, అల్టెగ్రా, క్లారిస్ అన్నవి షిమానో కంపెనీ గేర్ల సెట్ల పేర్లు):

అ) 2019 అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, సోరా 9 స్పీడ్, ముందు పళ్ల చక్రాలు 50/34, వెనక 11-32 పళ్లు, ఫ్రేమ్ సైజు 54. అమ్మే ఆయన విశాఖలో ఉంటారు, 32,000 అడుగుతున్నారు.
ఆ) 2016 కార్బన్ ఫ్రేమ్, అల్టెగ్రా 6800, ముందు 52/36, వెనక 11-28, సైజు 56. 68,000.
ఇ) షాపులో కొత్తది, క్లారిస్ 8 స్పీడ్, సుమారు 48,000.

ఏది తీసుకోమంటారు?

స్పోక్_కీ
‘అ’ తీసుకోండి. క్లారిస్‌కీ సోరాకీ మధ్య ఒక గేరే తేడా అనిపిస్తుంది కానీ, మీరు ఆ డబ్బుతో కొనేది గేర్లు మాత్రమే కాదు. ఆ ధరలో కొత్త సైకిళ్లలో చాలావాటికి చక్రాలు బరువుగా, బ్రేకులు మెత్తగా ఉంటాయి. 34 ముందు, 32 వెనక వేస్తే పెడల్ ఒక్క చుట్టుకు చక్రం 1.06 సార్లే తిరుగుతుంది. అనంతగిరి మలుపుల్లో మోకాళ్లను కాపాడేది ఆ నిష్పత్తే. ‘ఆ’లో 36/28, అంటే 1.29. కొండ మీద ఆ తేడా చాలా పెద్దది. పైగా వెనక గేర్లు మార్చే 6800 పొట్టి డిరైలర్‌కు కంపెనీ చెప్పే హద్దు 28 పళ్లే, పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) వేద్దామంటే పొడుగు డిరైలర్ కూడా కొనాలి.

బిల్లు_ముందు
స్పోక్_కీ గారూ, 32 వేలు అన్నది అడుగుతున్న ధర, అయ్యే ఖర్చు కాదు. ఆరేడేళ్ల సైకిల్‌కి అరిగే వస్తువులన్నీ ఒకేసారి మార్చాల్సి వస్తే ఇంచుమించు ఇలా పడుతుంది: చెయిన్ 1,300, క్యాసెట్ 2,200, రెండు టైర్లు 4,000, కేబుళ్లూ హౌసింగూ 1,000, బ్రేక్ ప్యాడ్లు 1,000, హ్యాండిల్ టేపు 800, మెకానిక్ కూలీ 1,500. మొత్తం 11,800. కలిపితే 43,800. కొత్తదానికి ఇంకో నాలుగు వేలే తేడా, దానికి వారంటీ కూడా ఉంది. ఫ్రేమ్ వారంటీని చాలా కంపెనీలు మొదటి యజమానికే ఇస్తాయి, చేతులు మారితే పోతుంది.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పట్లో 50,000 బిల్లయిన సైకిల్ ఇవాళ అదే మూల ధరకు 46,875. పాత బిల్లు చూపించి "ఇంతకి కొన్నాను" అంటే, ముందు ఈ తేడా తీసేసి బేరం మొదలుపెట్టండి.

భీమిలి_బీచ్‌రోడ్
విశాఖ సైకిల్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోజూ తిరిగిన సైకిల్ అయితే ఉప్పుగాలి పని చేసి ఉంటుంది, కడిగి మెరిపించి తీసిన ఫొటోలో అది కనపడదు. రెండు చోట్ల చూడండి.

ఒకటి సీటు గొట్టం. ముందు ఫ్రేమ్ అంచు దగ్గర గొట్టానికి టేపు చుట్టి ఎత్తు గుర్తు పెట్టుకోండి. ఎలెన్ కీతో బోల్టు వదులు చేసి, సీటును అటూ ఇటూ తిప్పుతూ రెండంగుళాలు పైకి లాగండి. చేత్తో కదిలితే సరి. కదలకపోతే లోపల తెల్లటి ఆక్సైడ్ పేరుకుని, గొట్టమూ ఫ్రేమూ ఒకటైపోయాయన్న మాట. సుత్తి, వేడినీళ్లు అంటూ అమ్మే ఆయన ఏం చెప్పినా వినొద్దు. అలా ఇరుక్కున్నదాన్ని తీయబోయి ఫ్రేమ్ పగలగొట్టుకోవడం మామూలే. సీటు ఎత్తు మీకు కుదరకపోతే ఆ సైకిల్ మీది కాదు.

రెండోది స్పోకు నిప్పుళ్లు, అంటే స్పోకుల చివర ఉండే చిన్న నట్లు. రిమ్ములోకి వెళ్లేచోట తెల్లపొడి ఉందేమో గోటితో గీకి చూడండి. నిప్పుల్ పట్టేస్తే చక్రం వంకర సరిచేయడం కుదరదు. తిప్పబోతే నిప్పుల్ గుండ్రమైపోతుంది, లేదా స్పోకు తెగుతుంది. బిల్లు_ముందు గారు వేసిన 11,800లో చక్రం లేదు. చక్రాలు పోతే లెక్క మొత్తం తారుమారు.

స్పోక్_కీ
బిల్లు_ముందు గారూ, మీ లెక్క తప్పు కాదు. కానీ అన్నీ పోయాయని ముందే అనుకుంటున్నారు. చూస్తే తెలిసిపోయే విషయానికి ఊహెందుకు? హార్డ్‌వేర్ షాపులో దొరికే అడుగు స్టీలు స్కేలు పట్టుకెళ్లండి. చెయిన్‌ని బిగువుగా ఉంచి, ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టి 24 పిన్నులు ముందుకు లెక్కపెట్టండి. కొత్త చెయిన్‌లో ఆ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర, అంటే 304.8 మి.మీ. దగ్గర ఉంటుంది. 1/16 అంగుళం దాటితే అర శాతం సాగినట్టు, చెయిన్ ఒక్కటి మారిస్తే చాలు. 1/8 దాటితే ఒక శాతం, అప్పటికి క్యాసెట్ పళ్లు కూడా తినేసి ఉంటుంది, కొత్త చెయిన్ వేసినా జారుతుంది. ఈ ఒక్క కొలతతో 1,300 ఖర్చా, 3,500 ఖర్చా తేలిపోతుంది.

అమ్మేవాళ్లు చెప్పే కిలోమీటర్లు పక్కన పెట్టండి. స్కేలు చెప్పేదే లెక్క.

బిల్లు_ముందు
చెయిన్ సరే. రిమ్ బ్రేక్ సైకిల్‌లో రిమ్ము కూడా అరిగే వస్తువే కదండీ. బ్రేక్ రబ్బరు ఒరుసుకునే పట్టీ మీద చిన్న గుంట గానీ సన్నటి గాడి గానీ ఉంటుంది, అది చెరిగిపోయిందంటే రిమ్ము వయసు అయిపోయినట్టే. గుర్తు లేని రిమ్ముల మీద మీ స్కేలే అంచువైపు నిలబెట్టండి. పట్టీ లోపలికి పల్లంగా ఉండి వెలుతురు కనిపిస్తే వద్దు. పల్చబడ్డ రిమ్ము టైరు గాలి ఒత్తిడికి బయటికి విచ్చుకుంటుంది, అది దిగుడులో జరిగితే ప్రాణం మీదికే వస్తుంది.

పడ్డ సైకిలా అన్నది కూడా చూడాలి. కుడి బ్రేక్ లివర్ బయటి వైపు, సీటు కుడి అంచు, డిరైలర్ మొహం, మూడింటి మీదా గీతలుంటే కుడివైపు పడింది. డిరైలర్ వేలాడే హ్యాంగర్ వంగి ఉండొచ్చు. హ్యాంగర్ మారిస్తే కొన్ని వందలతో పోతుంది, దాని గురించి బెంగలేదు. కానీ హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది గొట్టం) వెనక, డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం) అడుగున వేలితో రుద్దండి. పెయింట్ అలలు అలలుగా తగిలితే ఎదురుగా దేన్నో గుద్దింది. ఆ ఫ్రేమ్ ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

నర్సంపేట_నడక
అన్నా, ‘ఆ’ సంగతి ఇడిసిపెట్టు. నీ కాలి కొలత 80ని 0.67తో గుణిస్తే ఫ్రేమ్ సైజు 53.6 అయితది. 54 నీకు సరిపోతది. 56 మీద కూసుంటే చేతులు సాపి సాపి 100 కిలోమీటర్లకే మెడ పట్టేస్తది. స్టెమ్ (హ్యాండిల్ పట్టే ముక్క) పొట్టిది ఏస్తే సరిపోతదని చెప్తరు, గట్ల సరిపోదు. ఫ్రేమే పొడుగైతే ఏం జేస్తం? ఇప్పటి ఫ్రేమ్‌ల పై గొట్టం వాలుగ ఉంటది, గందుకే 54 అని రాసుంటే చాలదు, కంపెనీ చార్టుల స్టాక్, రీచ్ (ఫ్రేమ్ ఎత్తు, పొడుగు కొలతలు) చూస్కో.

టార్క్_5
నర్సంపేట అన్న చెప్పిన సైజుతోనే ‘ఆ’ తీరిపోయింది, అయినా 6800 కొనేవాళ్లు ఇంకెవరైనా ఇది చదువుతారని రాస్తున్నా. 2012 జూన్ 1 నుంచి 2019 జూన్ 30 దాకా తయారైన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ హాలోటెక్ క్రాంకులను (పెడళ్లు బిగించే చేతులను) షిమానో 2023 సెప్టెంబర్‌లో తనిఖీకి పిలిచింది. 6800, 8000, 9000, 9100 వరుసలు అందులో ఉన్నాయి. లోపల బోలుగా ఉండే ఆ క్రాంకును రెండు ముక్కలు అంటించి చేస్తారు, అతుకు విడిపోతే తొక్కుతుండగానే విరుగుతుంది. పెడల్ బిగించేచోట, క్రాంకు లోపలి వైపు రెండక్షరాల కోడ్ ఉంటుంది. ‘కెఎఫ్’ నుంచి ‘ఆర్‌ఎఫ్’ దాకా ఏదైనా ఆ కాలానిదే: మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. తనిఖీ అయిందా, మార్చారా అని అడగండి. కాగితం లేకుండా "అయింది" అంటే అవలేదనే అనుకోండి.

ఆ తరం 11 స్పీడ్ బ్రేకు-గేరు లివర్లలో వెనక గేరు కేబుల్ లివర్ లోపలే పోగులు పోగులుగా తెగుతుంది. రెండు మూడు వేల కిలోమీటర్లకి ఒకసారి మార్చాలి. గేర్లు బద్ధకంగా పడుతుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

గండిపేట_గాలి
అందరికీ ధన్యవాదాలు. ‘ఆ’ తీసేశాను. ‘అ’కి బిల్లు పోయిందంటున్నారు, ఫర్వాలేదా?

బిల్లు_ముందు
ఫర్వాలేదు అనకండి. మన దగ్గర సైకిల్‌కి ఆర్సీ ఉండదు, బిల్లే ఆధారం. పెడళ్ల మధ్య గొట్టం అడుగున ఫ్రేమ్ నంబర్ ఉంటుంది, ఫొటో తీయించుకోండి. కొన్న షాపులో ఫోన్ నంబర్ మీద బిల్లు మళ్లీ దొరకొచ్చు. అదీ కాదంటే అమ్మే ఆయన గుర్తింపు కార్డు నకలుతో, ఫ్రేమ్ నంబర్ వేసి అమ్మకం రసీదు రాయించుకోండి, డబ్బు యూపీఐలోనే పంపండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అనుమానించాల్సిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కొన్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. రసీదు రాయనన్నారంటే కొత్తదే మంచిది.

స్పోక్_కీ
దీనికి నేనూ ఒప్పుకుంటా. ధర దగ్గర మాత్రం మనిద్దరికీ కుదరదు. చక్రాలు బాగుండి, సీటు గొట్టం కదిలి, చెయిన్ అర శాతం లోపుంటే 28,000 ఇవ్వచ్చు. చెయిన్ ఒక శాతం దాటి, టైరు పక్క గోడలు పగిలుంటే 24,000. సీటు గొట్టం కదలకపోతే ధరే లేదు.

బిల్లు_ముందు
నా లెక్కలో బాగున్నా 25,000 మించొద్దు. మొదటి సైకిల్ కొనేవాళ్లకి లోపం కనిపెట్టే చెయ్యి ఇంకా కుదరదు, ఆ మూడు వేలు అందుకు తగ్గించాలి.

భీమిలి_బీచ్‌రోడ్
బేరం కుదిరితే రైల్లో పార్సిల్ వేయించుకుంటారు కాబట్టి ఇది కూడా. వెనక డిరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి చెయిన్ స్టేకి (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా ఉండే గొట్టానికి) కట్టమనండి. విప్పకుండా పంపితే అట్టపెట్టె మీద బరువు పడగానే హ్యాంగర్ వంగుతుంది. ముందు చక్రం తీస్తే ఫోర్క్ కొనల మధ్య 100 మి.మీ. పొడుగు చెక్కముక్క పెట్టాలి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమదానికి మర ఎదురు, గడియారం దిశలో తిప్పితేనే వదులుతుంది. తెలియక బిగించేవాళ్లే ఎక్కువ.