నోటమ్‌ల గుట్టలో అసలు విషయం తప్పిపోకుండా ఎలా చదవాలి?

కుడిసీటు:
ఫ్లైట్‌కు ముందు పైలట్లకు ఇచ్చే బ్రీఫింగ్ ప్యాకేజీ ముప్పై, నలభై పేజీలు ఉంటోంది, సగం పైగా నోటమ్‌లే (ఎయిర్‌పోర్టులు, దారుల్లో మార్పుల గురించి పైలట్లకు పంపే నోటీసులు). చదవడానికి దొరికేది ఇరవై నిమిషాలు. మొదటి పేజీ నుంచి చదువుతూ పోతే క్రేన్లు, గడ్డి కోత, పక్షుల హెచ్చరికల మధ్య రన్‌వే మూసివేత కంటికి ఆనడం లేదు. ఏది ముందు చూడాలి? ఏది వదిలేయొచ్చు? చదివింది ల్యాండింగ్ దాకా గుర్తుండాలంటే ఏం చేయాలండీ?

డిస్పాచ్ డెస్క్:
ముందు వరస మార్చండి. విమానంలో వాయిదా వేసిన లోపాలు (ఎంఈఎల్), తర్వాత వాతావరణం, ఆఖర్న నోటమ్‌లు. ఏ నోటమ్ మీకు పనికొస్తుందో మొదటి రెండే చెబుతాయి. ఏపీయూ (నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్) పనిచేయని విమానానికి 'గ్రౌండ్ పవర్ లేదు' అన్న ఒక్క లైను పెద్ద వార్త, మిగతావాళ్లకు చెత్త. ఇంకో ఉదాహరణ: ఒక థ్రస్ట్ రివర్సర్ (దిగాక ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించేది) లాక్ చేసి ఉంది, రన్‌వే తడిగా ఉంటుందని అంచనా, పైగా రన్‌వే పొడవు తగ్గించారు. విడివిడిగా చూస్తే మూడూ చిన్నవే, కలిస్తే ఆగడానికి రన్‌వే చాలకపోవచ్చు. మూడు వేర్వేరు పేజీల్లో ఉంటాయి కాబట్టి కలిపి చూడటం తప్పిపోతుంది.

నోటమ్‌లోకి వెళ్లాక ముందు క్యూ లైను చూడండి. అందులో క్యూతో మొదలయ్యే ఐదక్షరాల కోడ్ ఉంటుంది. క్యూ తర్వాతి రెండక్షరాలు దేని గురించో, ఆ తర్వాతి రెండు దానికేమైందో చెబుతాయి. ఎంఆర్ అంటే రన్‌వే, ఎంఎక్స్ టాక్సీవే (రన్‌వేకు వెళ్లే దారి), ఐసీ ఐఎల్ఎస్ (రన్‌వే మీదికి దారిచూపే రేడియో వ్యవస్థ). ఎల్‌సీ అంటే మూసేశారు, ఏఎస్ అంటే పనిచేయడం లేదు. ఈ జతల కోసమే మొదటి చుట్టు తిప్పండి. క్రేన్లు, గడ్డి కోత రెండో చుట్టుకు వదిలేయండి.

ఎక్కువ పొరపాట్లు టైముల దగ్గరే. బీ (మొదలయ్యే టైము), సీ (ముగిసే టైము) గడుల్లో పది అంకెలు: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం. అంతా యూటీసీ (గ్రీనిచ్ టైము). లోకల్ టైముతో పోలిస్తే తేదీయే మారిపోవచ్చు. రోజువారీ వేళలు రాసే డీ గడి ఉంటే బీ, సీ చూసి ఆగిపోకండి: నెల రోజుల నోటమ్ అయినా మూసేది రోజూ 2200 నుంచి 0400 వరకే కావచ్చు. సీ చివర ఈఎస్‌టీ ఉంటే ఆ టైము అంచనా మాత్రమే. టైము దాటినంత మాత్రాన రన్‌వే తెరిచారని కాదు, రద్దు నోటమో కొత్త నోటమో వచ్చేదాకా అది అమల్లోనే ఉంటుంది. మీరు చేరే టైముకు అటూ ఇటూ గంట కలిపి చూడండి, ఆలస్యమైతే మళ్లీ చూడండి.

ఎడమసీటు:
పై జవాబులో ఒక్క మాట ఒప్పుకోను. క్రేన్లు అన్నిటినీ రెండో చుట్టుకు తోసేయకండి. మీ టేకాఫ్ దారిలో ఉన్న క్రేన్ ఇంజిన్ ఆగినప్పుడు ఎక్కే కోణాన్ని దెబ్బకొడుతుంది.

ఇక గుర్తుంచుకోవడం. 2017 జులై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా 759, 28 రైట్ రన్‌వే అనుకుని పక్కనున్న టాక్సీవే మీదికి దిగబోయింది. అక్కడ నాలుగు విమానాలు వరుసగా నిలబడి ఉన్నాయి. నేలకు 60 అడుగుల ఎత్తు దాకా వచ్చి మళ్లీ లేచింది. దానికి ఎడమ పక్కనున్న జంట రన్‌వే 28 లెఫ్ట్‌ను ఆ రాత్రి మూసి దీపాలు ఆర్పేశారు. ఆ నోటమ్ 27 పేజీల ప్యాకేజీలో 8వ పేజీలో ఉంది. కెప్టెన్ చూశానన్నాడు, అప్రోచ్‌లో (దిగడానికి రన్‌వే వైపు వచ్చేటప్పుడు) మాత్రం అది తలపుకు రాలేదు. కళ్లకు కనిపించిన రెండు వరుసల దీపాల్లో కుడిది 28 రైట్ అనుకున్నారు. నిజానికి ఎడమది 28 రైట్, కుడిది టాక్సీవే. తోడుగా ఐఎల్ఎస్ ట్యూన్ చేసి ఉంటే పొరపాటు తెలిసేది. ఆ అప్రోచ్‌లో ఫ్రీక్వెన్సీ చేత్తో వేయాలి, అదీ తప్పిపోయింది.

కాబట్టి చదవగానే దాన్ని ఒక పనిగా మార్చండి. 'ఎడమ రన్‌వే మూత' అని రాసుకుంటే చాలదు. 'ఎడమ దీపాలు ఉండవు, ఐఎల్ఎస్ ట్యూన్ చేయాలి' అని ఫ్లైట్ ప్లాన్‌లో దిగే ఊరి పక్కనే రాయండి. అప్రోచ్ బ్రీఫింగ్‌లో అది మొదటి మాట కావాలి. అలాంటివి నాలుగైదుకు మించి రాయకండి. మించితే మళ్లీ గుట్టే.

ప్యాకేజీలో లేనిదీ ఉంటుంది. 2006 ఆగస్టు 27న లెక్సింగ్టన్‌లో కామెయిర్ 5191, రన్‌వే 22 బదులు 26 మీద టేకాఫ్ మొదలుపెట్టింది. 50 మందిలో 49 మంది చనిపోయారు. పైలట్లు రన్‌వే గుర్తులు సరిచూసుకోకపోవడమే అసలు కారణం. కానీ టాక్సీవే మూసివేత గురించిన స్థానిక నోటమ్ వాళ్ల కాగితాల్లో లేదు. అందుకే ఏటిస్‌ను (ఎయిర్‌పోర్ట్ తాజా సమాచారం చెప్పే రికార్డు ప్రసారం), చార్టు (ఎయిర్‌పోర్ట్ మ్యాపు) తేదీని నోటమ్‌లతో కలిపి చూడాలి.

కుడిసీటు:
టాబ్లెట్‌లో పర్ఫార్మెన్స్ లెక్క (టేకాఫ్, ల్యాండింగ్‌కు రన్‌వే చాలుతుందా అన్నది) వేసేటప్పుడు తగ్గిన పొడవు దానంతటదే రాదా?

డిస్పాచ్ డెస్క్:
వస్తుందని నమ్మకండి. తెర మీద కనిపించే పొడవును నోటమ్‌లోని టోరా (టేకాఫ్ పరుగుకు దొరికే పొడవు), ఎల్‌డీఏ (ల్యాండింగ్‌కు దొరికే పొడవు) అంకెల పక్కన పెట్టి చూడండి. థ్రెషోల్డ్ (ల్యాండింగ్‌కు రన్‌వే మొదలయ్యే గీత) ముందుకు జరిపితే ల్యాండింగ్ దూరం తగ్గుతుంది, టేకాఫ్ దూరం తగ్గకపోవచ్చు. రెండూ విడిగా చూడాలి.

ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే ఎయిర్‌పోర్టు) నోటమ్‌లు ఆఖరి పేజీల్లో ఉంటాయి, ఓపిక అయిపోయాక వాటి వంతు వస్తుంది. అక్కడికి వెళ్లేది ఇంధనం అడుగంటాకే: జెట్‌కు 1500 అడుగుల దగ్గర 30 నిమిషాల హోల్డింగ్‌కు (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడానికి) సరిపడే ఫైనల్ రిజర్వ్ మాత్రమే మిగులుతుంది. రాత్రి మూస్తారా, ఫైర్ కేటగిరీ (అగ్నిమాపక సామర్థ్యం స్థాయి) తగ్గించారా, ఐఎల్ఎస్ ఉందా అని ముందే చూడండి. తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, ఆల్టర్నేట్ మార్చి కొత్త ప్లాన్ పంపుతాం. ఇంధనం పట్టించాక అడిగితే పని రెండింతలు.