రబ్బరు అచ్చుతో థాంక్యూ కార్డులు: ఇంకు ఆరడం లేదు, ఎవరైనా చెప్పండి

బత్తాయితోట_నల్గొండ:
మొన్న మా నాన్నకు ఆపరేషన్ అప్పుడు రక్తం కావాలంటే కాలనీ పిల్లలు ఎనిమిది మంది ఒక్క ఫోన్‌కే బండ్లేసుకుని వచ్చారు. డబ్బులిస్తే బాగుండదు, స్వీటు డబ్బాతో సరిపెట్టడానికి మనసొప్పలేదు, అందుకే చేత్తో కార్డులు చేద్దామని కూర్చున్నా. గడియారం సెంటర్ దగ్గర తళతళలాడే మందం కాగితం, ఆఫీసుల్లో వాడే ఊదా రంగు స్టాంప్ ప్యాడ్ కొన్నా. రబ్బరు మీద బ్లేడుతో "ధన్యవాదాలు" చెక్కితే అచ్చు తిరగబడి పడింది, పైగా నాలుగు అక్షరాలకే రబ్బరు అయిపోయింది. ఇంకు చూస్తే రాత్రి కొట్టింది పొద్దున్నకీ తడే. నాన్న చూస్తానని తీసుకున్నాడు, కార్డంతా ఊదా రంగు బొటనవేలి ముద్ర. ఆదివారం లోపు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_కోడలు:
తప్పు ఇంకుది కాదు చెల్లీ, కాగితానిది. ఆ ప్యాడ్ ఇంకులో గ్లిజరిన్ ఉంటుంది, ప్యాడ్ ఎండిపోకుండా. అది గాలికి ఆరేది కాదు, కాగితం పీల్చుకుంటేనే ఆరినట్టు. నున్నటి పూత ఉన్న కాగితం పీల్చదు కాబట్టి ఎండలో పెట్టినా అంతే. గరుకుగా ఉండే డ్రాయింగ్ షీటు, 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క) మధ్యలో అడుగు. ఏ4 సగం కోసి, ఆ సగాన్ని మడిస్తే ఒక కార్డు, అంటే నీకు నాలుగు షీట్లు చాలు. మడత దగ్గర ముందు రీఫిల్ అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీత లాగు, లేకపోతే మందం కాగితం మడతలో పగిలి పీచు లేస్తుంది. కొన్న కాగితం పారేయకు, కవర్ల మీద అంటించుకోవచ్చు.

రబ్బరుముక్క:
తిరగబడటానికి మందు బటర్ పేపర్. మెత్తటి పెన్సిల్‌తో మామూలుగా రాసి, రాసిన వైపు రబ్బరు మీద బోర్లించి చెంచా వెనకతో రుద్దితే అక్షరాలు వాటంతటవే అద్దంలోలా దిగుతాయి, వాటి మీదే చెక్కాలి. కానీ నా మాట వింటే తెలుగు అక్షరాలు చెక్కే పని పెట్టుకోవద్దు. ధ కింద ఒత్తు, న కింద యవత్తు, ఆ సందుల్లో బ్లేడు తిరగదు, నేను రెండు వేళ్లు కోసుకున్నా. బొమ్మ అచ్చు కొట్టి మాట చేత్తో రాయండి, మీ రాత ఎలా ఉన్నా సరే. ఇంకోటి, ప్యాడ్ బదులు పిల్లల స్కెచ్ పెన్నులతో రబ్బరుకే రంగులు పూసి, ఒకసారి నోటితో "హా" అని ఊది వెంటనే అద్దండి. ఊపిరి తడికి ఆరిన రంగు మళ్లీ లేస్తుంది, ఒకే పువ్వులో రెండు మూడు రంగులు వస్తాయి.

పాలమూరు_కోడలు:
నల్గొండలో ఉండి రబ్బరెందుకు, బత్తాయి లేదా? అడ్డంగా కోసి, కోసిన వైపు గుడ్డ మీద బోర్లించి గంటసేపు ఉంచు. రసం ఉంటే తొనలు కనపడవు, మచ్చ పడుతుంది. తర్వాత స్పాంజితో పల్చగా ఇంకు అద్ది నొక్కు, కదపకు. బెండకాయ అయితే ఇంకా సులువు, తొడిమ వైపు కోస్తే ఐదు రేకుల పువ్వు. జిగురు మాత్రం తుడుచుకో.

బత్తాయితోట_నల్గొండ:
అక్కా, డ్రాయింగ్ షీటు మీద నిజంగానే నిమిషంలో పీల్చుకుంది! బత్తాయి మొదటి రెండూ మచ్చలే, మూడోదానికి తొనలు లెక్కపెట్టేలా పడ్డాయి. చుట్టూ బెండకాయ పువ్వులు. ఆరు కార్డులు అయ్యాయి. మిగిలిన బెండకాయలు అమ్మ కూరలో వేసేసింది, ఇంకో రెండు కార్డులు రేపు కూరగాయల బండి వచ్చాకే.