చెరువుల వేటకు పడవ ఇంట్లనే చేస్తే: టేకు పలకలా, ప్లైవుడ్డా?

శిఖం_భూమి:
ములుగు దిక్కు చెరువుల చేపలు పట్టనీకి ఇద్దరు ఎక్కే పడవ ఇంట్లనే చెయ్యాలనుకుంటున్న. పొడుగు 12 ఫీట్లు, అడుగు వెడల్పు 3, పైన 4, పక్కలు 16 అంగుళాలు, అడుగు సాపు. బయటి దేశాల్ల బాతుల శికారుకు చేసుకునే పడవలు ఇట్లనే ఉంటయి. మన దగ్గర పక్షులను కొట్టుడు 1972 చట్టం కింద నేరం, నాకు ఆ రూపం వరకే కావాలె. వడ్లాయన టేకు అంటున్నడు, తమ్ముడు ప్లైవుడ్ అంటున్నడు. పలకల మీద ఫైబర్ (రెసిన్ అనే జిగురుల తడిపిన గాజు గుడ్డ) కొట్టిస్తే ఎట్లుంటది?

గోదారి_ఒడ్డు:
టేకే, ఇంకో మాట లేదు. ముప్పావు అంగుళం పలకలు, రెండు ఫీట్లకో తుమ్మ ఫ్రేము. వృథాతో కలిపి 7 ఘనపుటడుగులు పడుతది. బిల్లు లేని టేకు మాత్రం ముట్టకు. ఇనుప మొలలు వద్దు, తుప్పు పట్టి బొక్క వదులైతది. రాగివి, లేకుంటే జింకు పూసినవి కొట్టు. అతుకుల్ల గుగ్గిలం నూనెల ముంచిన నూలు కూరాలె. పలక పగిలితే ఆ ఒక్క పలక మారుస్తే అయిపాయె.

కట్టమీది_లెక్క:
అన్నా, ఎండకాలం సంగతి చెప్పలేదు. ఏప్రిల్‌ల చెరువు అడుగంటినంక పడవ కట్ట మీద బోర్లిస్తం. ఆ ఎండకు తడి టేకు పలక 8 అంగుళాలదైతే నాలుగైదు మిల్లీమీటర్ల దాకా కుంచించుకుంటది. అతుకులన్నీ నోళ్లు తెరుస్తయి. తొలకరికి మళ్ల నీళ్లల్ల నానబెట్టి, అవి ఉబ్బిందాక ఆగాలె. ప్లైకి ఈ తిప్పలు లేవు.

బరువు చూడు. 6 మి.మీ. ప్లై షీటు 8×4 ఫీట్లది 12 కిలోల దగ్గర. మూడు షీట్లు, రెసిన్, అంచు కర్రలు కలిపి 55 కిలోలు. అదే కొలత టేకుతోని 110. నీళ్లల్ల ఈ తేడా ముప్పావు అంగుళం ముంపే, పట్టించుకునేది కాదు. కట్ట దాటించేటప్పుడే తెలుస్తది: ఇద్దరా, నలుగురా అని. ఇద్దరు మనుషులు, వల, 60 కిలోల చేపలతోని ప్లై పడవ 4 అంగుళాల లోపే మునుగుతది.

రెసిన్_పని:
ఫైబర్ అడిగారు కదా. పలకల మీద వద్దే వద్దు. పలక తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, గుడ్డ అలా కదలదు. అతుకు వెంబడి గీతలా చీలుతుంది. లోపలికి పోయిన నీరు బయటకు రాదు, కర్ర కనపడకుండా కుళ్లుతుంది.

ప్లై అయితే రెసిన్ తప్పదు. నీళ్ల ట్యాంకులు, తలుపులు చేసేవాళ్ల దగ్గర దొరికేది ఎక్కువగా పాలిస్టర్. అది కర్ర మీద పొరలా లేచిపోతుంది. సీట్ల కింద థర్మాకోల్ పెడితే దాన్ని కరిగించేస్తుంది కూడా. ఎపాక్సీ తీసుకోండి, అది రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ అని రెండు డబ్బాల్లో వస్తుంది. డబ్బా మీద రాసిన పాళ్లే కలపండి. త్వరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే అది మెత్తగానే మిగిలిపోతుంది. మన ఎండల్లో ఒకసారికి 200 గ్రాములకు మించొద్దు. కప్పులో వదిలేస్తే పొగలు కక్కుతుంది, వెంటనే వెడల్పు పళ్లెంలో పోసుకోవాలి. పూత సాయంత్రమే వెయ్యండి. పొద్దున వేస్తే కర్ర వేడెక్కి, లోపలి గాలి బయటికి తన్ని బుడగలు లేస్తాయి.

ప్లై ముక్కలను ఒకదానికొకటి జోడించడానికి అంచుకు 10 మి.మీ. లోపల, 6 అంగుళాలకో రంధ్రం. రాగి తీగతో కుట్టి మెలిపెట్టాలి. మూలల్లో రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ, బక్షాల పూర్ణం అంత గట్టిగా. దాని మీద 3 అంగుళాల గాజు పట్టీ, లోపల, బయట. చివర పెయింటు తప్పనిసరి, ఎండకు ఎపాక్సీ పొడిబారుతుంది. 8 అడుగుల 6 మి.మీ. షీట్లను 12కి అతకాలంటే రెండు అంచులనూ 48 మి.మీ. వాలుగా చెక్కి అంటించండి.

గోదారి_ఒడ్డు:
రాసుడు అల్కగనే ఉంటది. శిఖంల, అంటే చెరువు లోపలి భూమిల, సర్కారు తుమ్మ మోడులు ఎన్నున్నయో చూసిండ్రా? 6 మి.మీ. ప్లైల గట్టిగ దిగితే బొక్కే. దానికి మాసిక వెయ్యాలంటే ప్లై ఎండాలె. ఆగస్టు ముసుర్ల యాడ ఎండుతది? ఐఎస్ 710 (నీళ్లకు ఆగే మెరైన్ ప్లై ప్రమాణం) అని ముద్ర ఉన్నదంత ఆ సరుకు కాదు, కోసి చూస్తే నడుమ పొరల్ల సందులుంటయి.

కట్టమీది_లెక్క:
మోడుల మాట నిజమే. అడుగు వరకు 9 మి.మీ. వేస్తే 6 కిలోలే పెరుగుతది. కింద పొడుగునా మూడు టేకు పట్టీలు స్క్రూలతోని బిగిస్తే రాయి మీద ఈడ్చినా అరిగేది పట్టీలే, అరిగినంక మార్చుకోవచ్చు. స్క్రూ బొక్కలల్ల ముందు ఎపాక్సీ పొయ్యి, మరువకు. కోసిన ప్రతి అంచుకు మూడు పూతలు. నీళ్లు దూరేది అంచుల నుంచే. ముద్ర మీద అనుమానముంటే 3 అంగుళాల ముక్క కోసి ఉడకబెట్టు. 710కి 72 గంటల ఉడుకు పరీక్ష ఉంటది. ఇంటి సామాన్లకు వాడే కమర్షియల్ ప్లై కొన్ని గంటలకే పొరలు విడుస్తది.

ముసుర్ల మాసిక పనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

శిఖం_భూమి:
ఫైబర్ ముచ్చట ఇడిసిపెట్టిన. ముందుగాల దుకాణం నుంచి ఒక ముక్క తెచ్చి ఉడకబెడత. పొరలు ఇడిస్తే వడ్లాయన దగ్గరికే పోత. గుగ్గిలం నూనె పాళ్లు ఎవరికన్న తెలిస్తే రాసి పెట్టుండ్రి.