నల్ల (మేక రక్తంతో వండే కూర) తినొచ్చా? బైబిల్లోని లేవీయకాండము 11ను మన రోజువారీ బతుకులో ఎట్లా అర్థం చేసుకోవాలి?

అందరికీ వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. వాక్యం బాగా చదివినవాళ్లు సాయం చేయండి.

లేవీయకాండము 11 ప్రకారం ఇశ్రాయేలీయులు డెక్కలు చీలి, నెమరువేసే జంతువులనే తినాలి. చేపకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. అంటే బొచ్చె, రవ్వ సరే, పొలుసుల్లేని వాలుగ కూడదు. మా చిన్నాయన ఇప్పటికీ అట్లనే తింటడు. నెమరువేయడమంటే వాక్యాన్ని ధ్యానించడమట, డెక్క చీలడమంటే లోకం నుంచి వేరుపడడమట. వినడానికి చక్కగుంది, కానీ ఆ అధ్యాయంలో ఈ వివరణ కనబడదు. దేవుడు పరిశుద్ధుడు గనుక మీరూ పరిశుద్ధులై ఉండండనే కారణమే 44వ వచనంలో ఉంది.

బయటినుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చేయదని యేసు చెప్పిన మార్కు 7, దేవుడు పవిత్రం చేసినవాటిని నిషిద్ధమనొద్దని పేతురు విన్న దర్శనం (అపొస్తలుల కార్యములు 10) చదివినంక పంది, వాలుగ తినొచ్చని నాకు తేలిపోయింది. ఆ దర్శనం అసలు పేతురు యూదుడు కాని కొర్నేలి ఇంటికి పోవడానికే కదా!

తేలనిది నల్ల. అపొస్తలుల కార్యములు 15లో అన్యజనుల (యూదులు కానివాళ్ల) నుంచి వచ్చిన విశ్వాసులను కూడా రక్తం, విగ్రహార్పితాలు మానమన్నరు. మా ఇంట్ల మేకను కోస్తే నల్ల వండాల్సిందే, పిల్లలకు బలమని అమ్మమ్మ ముందుగాల వాళ్లకే పెడుతది. ఆ ఆజ్ఞ అప్పటి యూదు సహోదరుల కోసమేనా, మనకూనా?

ఇంకోటి. బోనాలప్పుడు పక్కింటి అక్క ప్రేమతో కూర పంపుతది. 1 కొరింథీ 10 అడగకుండ తినమంటది, అర్పించిందని ఎవరన్న చెప్తే మానమంటది. ఇక్కడ చెప్పకున్నా అందరికీ తెలుసు. ఆమె మనసు నొప్పించకుండ మీరైతే ఏం చేస్తరు?