వేట ఆపిన చోటు పక్కన చేపలు ఎక్కువ పడతాయా? అపో ద్వీపం చూశాక వచ్చిన డౌట్

భీమిలి_కుర్రోడు:
ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. మాది మంగమారిపేట, నాన్న వేటకెళ్తారు. మొన్న సెలవులకి ఫ్రెండ్స్‌తో దుమగెటె మీదుగా అపో ద్వీపం వెళ్లాను. అక్కడ ఒక పక్క కొంత మేర బోయాలు కట్టి వదిలేశారు. 1982 నుంచి దాని లోపల గాలం కూడా వేయకూడదట. మమ్మల్ని తీసుకెళ్లిన పడవాయన తనే వేటగాడు, అయినా ఆ మాట గొప్పగా చెప్పాడు.

నాకు విచిత్రంగా అనిపించింది వేరే. బోయాకి ఇవతల, కాస్త దూరంలోనే, ఒక ముసలాయన చిన్న బంకా పడవలో కూర్చుని గాలం వేస్తున్నాడు. దారం ప్లాస్టిక్ సీసాకి చుట్టి, చూపుడు వేలి మీదుగా వదులుతున్నాడు, అచ్చం మా నాన్నలాగే. అంత సముద్రం పెట్టుకుని అక్కడే ఎందుకు?

ఫోన్లో చెబితే నాన్న నవ్వేశారు. "సంద్రానికి తలుపులేట్రా? నువ్వొగ్గేసిన చేప పక్కోడి వల్లో పడతాది" అన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గురించి కూడా ఆయన మాట అదే. ఇది నిజంగా పనిచేస్తుందా, లేక టూరిస్టుల కోసం చెప్పే కథా?

కాకినాడ_మేష్టారు:
తమ్ముడూ, మీ నాన్నగారి మాటలో సగం కరెక్టు. ఆయన పట్టే వంజరం, కానాగంతలు తిరుగుబోతు చేపలు. వాటికి చిన్న గీత గీసి ఆపితే లాభం తక్కువ. పగడపు దిబ్బల చేపలు అలా కాదు. గ్రూపర్ లాంటిది ఒక రాతి సందు పట్టుకుందంటే ఏళ్ల తరబడి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే దాన్ని ఊడ్చేయడం సులువు, కాపాడటమూ సులువు.

ఇంకో సంగతి. చేప పెరిగేకొద్దీ గుడ్లు మామూలు లెక్కలో పెరగవు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఎర్ర స్నాపర్ మీద వేసిన లెక్క ఒకటుంది: 61 సెంటీమీటర్ల చేప ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్లవి 212 కలిస్తే పెట్టే గుడ్లకి సమానం. మనం మార్కెట్లో ముందు ఏరుకునేది ఆ పెద్దదాన్నే. గ్రూపర్లలో చాలా రకాలు ఆడగా పుట్టి పెద్దయ్యాక మగవి అవుతాయి కాబట్టి, పెద్దవాటిని పట్టేస్తే మగవే మిగలవు. మూసిన చోట ఈ పెద్ద చేపలు బతికి ఉంటాయి. వాటి పిల్లలు ప్రవాహంలో కొట్టుకెళ్లి బయట స్థిరపడతాయి, లోపల ఇరుకైతే కొన్ని పెద్దవీ బయటికొస్తాయి. మీ ముసలాయన కూర్చున్నది వాటి కోసమే.

నువ్వు సెబూ నుంచి బస్సులో దక్షిణానికి వచ్చినప్పుడు ఓస్లోబ్ దగ్గర ఎడమ పక్క సముద్రంలో ఒక చిన్న ద్వీపం కనబడి ఉండాలి. అది సుమిలోన్. అసలు కథ అక్కడిది. సిలిమాన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా 1974లో దాని చుట్టూ ఉన్న దిబ్బల్లో దాదాపు పావు వంతు మూయించాడు. పదేళ్లు బాగా నడిచింది. స్థానిక రాజకీయం తిరగబడి 1984లో కాపలా పోయింది. వంద మందికి పైగా లోపలికి దిగారు, కొందరు పేలుడు మందులతో, కొందరు చేపల్ని తరిమే వలలతో. అంటే ద్వీపం మొత్తం వేటకి తెరుచుకుంది కదా, దిగుబడి పెరగాలి. పెరగలేదు. చదరపు కిలోమీటరుకి ఏడాదికి దాదాపు 37 టన్నులు పడే చోట, రెండేళ్లలో 20కి పడిపోయింది. పావు వంతు మూసి మిగతాచోట పట్టుకున్నప్పుడే ఎక్కువ వచ్చేదన్నమాట. నా మటుకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

అపో వాళ్లు కూడా మొదట నమ్మలేదు. అల్కాలా వాళ్లని సుమిలోన్ తీసుకెళ్లి చూపించాకే ఒప్పుకున్నారు. కాపలా కూడా ఊరివాళ్లే కాశారు, అక్కడ వాళ్లని బంతాయ్ దగాత్ అంటారు.

జంగ్లీఘాట్_రాజు:
మేష్టారూ, అంతా బాగుంది, కానీ కాపలా బోటుకి డీజిల్ ఎవరు పోస్తారు? మాది పోర్ట్ బ్లెయిర్, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చాం. వండూరు దగ్గర మెరైన్ నేషనల్ పార్కు 1983 నుంచీ ఉంది. చుట్టూ ఎన్ని దీవులు, ఎన్ని సందులు! రాత్రిపూట ఎవడు ఎక్కడ దిగాడో కనిపెట్టడం మాటలా? అపో అంటే గట్టు మీద నిలబడితే కనబడే చోటు.

ఇంకోటి. ఒడ్డు దగ్గర మూస్తే ముందు దెబ్బ తినేది ఇంజను లేని ముసలాళ్లే. ఇంజనున్నోడు ఇంకో చోటికి పోతాడు. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

కాకినాడ_మేష్టారు:
రాజు గారూ, ఒప్పుకుంటాను. అపోలో మూసింది ద్వీపం చుట్టూ ఉన్న దిబ్బల్లో పదో వంతే. తెడ్డు వేసుకునే వాడికీ మిగతా తొమ్మిది వంతులు దగ్గర్లోనే ఉన్నాయి. ఖర్చుకి డైవింగ్‌కి వచ్చేవాళ్ల ఫీజు కలిసొచ్చింది. అక్కడా గొడవలు లేకపోలేదు. 1994లో అది జాతీయ రక్షిత ప్రాంతమై పెత్తనం బోర్డు చేతికి వెళ్లాక, డబ్బు తిరిగి రావడం ఆలస్యమవుతోందనీ, మా మాట చెల్లడం లేదనీ ఊరివాళ్లు గొణిగారు.

భీమిలి_కుర్రోడు:
నాన్నకి సుమిలోన్ కథ చెప్పాను. ఈసారి నవ్వలేదు. "ఎన్నేళ్లు ఆగాల?" అని అడిగారు. నిషేధం కాలానికి సర్కారు ఇచ్చే డబ్బు రెండు నెలలకే సరిపోదు, ఏళ్లంటే ఎలా అని టెన్షన్.

కాకినాడ_మేష్టారు:
చేపని బట్టి ఉంటుంది. కరీబియన్‌లో సెయింట్ లూసియా వాళ్లు 1995లో సూఫ్రియేర్ తీరంలో కొన్ని చోట్ల మూశారు. ఐదేళ్లలో పక్కనున్న చోట్ల బుట్టల వేటకి 46 నుంచి 90 శాతం ఎక్కువ పడింది, బుట్ట సైజుని బట్టి. అపోలో వేరే చేపల్ని తినే పెద్ద చేపలు బయటికి కనబడటానికి తొమ్మిదేళ్లు పట్టింది. మొదటి రెండు మూడేళ్లు కష్టమే, అది దాచి చెప్పే ఆఫీసర్‌ని నమ్మొద్దు.

మీ తీరంలో పగడాలు కాదు, రాళ్లే. కానీ రాళ్లని అంటిపెట్టుకుని ఉండే చేపలు మీకూ ఉన్నాయి, ఏ రాయి దగ్గర ఏం పడుతుందో మీ నాన్నకి తెలిసినంత నాకు తెలియదు. ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు దిమ్మలు దింపి కృత్రిమ రీఫ్‌లు కడుతున్నారు. దాని పక్కనే వలేస్తే అది చేపల్ని ఒక చోటికి చేర్చి పట్టించడమే అవుతుంది. ఊరి పెద్దలు కూర్చుని ఒక్క రాయి వదిలేద్దామంటారేమో నాన్నని అడుగు. వలసపోయే వంజరాన్ని మాత్రం దీంతో ముడిపెట్టకండి.

జంగ్లీఘాట్_రాజు:
ఆ ఒక్క రాయి ఏదో ఈ పేజీలో మాత్రం రాయకండి, పొద్దున్నకి అక్కడ పది బోట్లుంటాయి.